భూటాన్, నేపాల్ బోర్డర్ దాటాలంటే ఆధార్ చాలదు, ఇంటి దగ్గరే రెడీ చేస్కోవాల్సిన కాగితాలు ఇవీ

ముందు అసలు సంగతి చెప్పేస్తా, మిగతాదంతా తర్వాత. భూటాన్‌కి గానీ నేపాల్‌కి గానీ రోడ్డు మీద వెళ్తే మన ఇండియన్స్‌కి వీసా అక్కర్లేదు, అది నిజమే. కానీ వీసా అక్కర్లేదంటే కాగితాలే అక్కర్లేదనుకుని బయల్దేరేవాళ్ళు మన గుంటూరు, బెజవాడ వైపు చాలామంది ఉన్నారు, ఎందుకంటే జేబులో ఆధార్ ఉంటే రైల్లో, లాడ్జిలో, గుళ్ళో అన్నిచోట్లా పనైపోతుంది కాబట్టి అక్కడా అదే చూపిద్దాంలే అనుకుంటారు. భూటాన్ వాళ్ళు ఆధార్ తీసుకోరండీ. పాన్ కార్డు తీసుకోరు, డ్రైవింగ్ లైసెన్సూ తీసుకోరు. పాస్‌పోర్ట్, లేదంటే ఎలక్షన్ కమిషన్ ఇచ్చిన ఓటర్ కార్డు, పెద్దవాళ్ళకి ఈ రెండిట్లో ఒకటి ఉండాల్సిందే. బెజవాడ నుంచి రైల్లో రెండ్రోజులు కూర్చుని వెళ్ళి గేటు ముందు ఆగిపోతే ఆ బాధ మామూలుగా ఉండదు, అందుకే టికెట్ బుక్ చేసేముందే బీరువా తెరిచి ఓటర్ కార్డులు బయటికి తియ్యండి.

తీశాక ఊరికే చూసి లోపల పెట్టెయ్యకండి, వెలుతురులో పెట్టి చదవండి. పాత లామినేషన్ కార్డులుంటాయి చూశారా, నలుపు తెలుపు ఫోటోతో, అంచులు విడిపోయి లోపలికి తేమ చేరి మొహం మీద మచ్చలొచ్చినవి, అవి మనూళ్ళో పోలింగ్ బూత్‌లో నడుస్తాయి ఎందుకంటే బూత్‌లో ఉన్నోళ్ళకి మనం తెలుసు. బోర్డర్లో కూర్చున్న ఆఫీసర్‌కి మనం తెలీదు, ఆయన ఫోటో చూస్తాడు, మొహం చూస్తాడు, నంబర్ చూస్తాడు. ఫోటో ఆనవాలు పట్టేలా లేకపోయినా, నంబర్ చెరిగిపోయినా, పేరు తప్పున్నా ఓటర్ల పోర్టల్‌లో ఫారం 8 పెట్టండి. కరెక్షన్‌కీ అదే, కార్డు పోయినా పాడైనా అదే, ఇల్లు మారినా అదే ఫారం. చేతకాకపోతే మీ ఏరియా బీఎల్ఓని, అంటే ఓటర్ల లిస్టు చూసే బూత్ లెవెల్ ఆఫీసర్‌ని పట్టుకోండి. కొత్త ప్లాస్టిక్ కార్డు పోస్టులో ఇంటికొస్తుంది కానీ టైం పడుతుంది, వచ్చే వారం ప్రయాణం పెట్టుకుని ఈరోజు అప్లై చేస్తే కుదరదు. ఫోన్లో పీడీఎఫ్ ఉందిగా అని దాన్ని నమ్ముకోవద్దు, ఒరిజినల్ కార్డు చేతిలో ఉండాలి.

ఇంక పేర్ల గొడవ. ఇది మన తెలుగోళ్ళకి ప్రత్యేకంగా ఉంటుంది, నేను ఎక్కువ చెప్పాలనుకున్నదీ దీని గురించే. ఓటర్ కార్డులో ఇంటిపేరు మొత్తం ఉంటుంది, రైలు టికెట్‌లో ఒక్క ఇనిషియల్ ఉంటుంది, హోటల్ బుకింగ్‌లో ఇంటిపేరు చివరికి పోతుంది. సత్యనారాయణ అన్న పేరే తీసుకోండి, టీ తర్వాత హెచ్ ఒక కార్డులో ఉంటుంది, ఇంకోదాంట్లో ఉండదు. లక్ష్మి ఒకచోట ఎక్స్‌తో, ఇంకోచోట కేఎస్‌హెచ్‌తో. ఆడవాళ్ళకి పుట్టింటి ఇంటిపేరు ఒక కార్డులో, అత్తింటిది ఇంకో కార్డులో ఉంటుంది. మనకి ఇది మామూలే, వాళ్ళకి మాత్రం ఇద్దరు మనుషుల్లా కనిపిస్తారు. దీనికి మందు ఒకటే: ఏ కార్డుతో బోర్డర్ దాటబోతున్నారో ముందే డిసైడ్ అయిపోండి, ఆ కార్డులో ఇంగ్లీషులో ఎలా ఉందో అక్షరం అక్షరం చూసి భూటాన్ లోపలికి పోవడానికి తీసుకునే పర్మిట్ ఫారంలో, హోటల్ బుకింగ్‌లో, ఇన్సూరెన్స్ తీసుకుంటే దాంట్లో కూడా అలాగే కొట్టండి. కార్డులో తప్పు స్పెల్లింగ్ ఉందనుకోండి, మార్పించుకునే టైం లేకపోతే ఆ తప్పునే అన్నిచోట్లా రాయండి, ఫారంలో మాత్రం సరిదిద్దొద్దు. ఇంకోటి, ఓటర్ కార్డుతో అప్లై చేసి అక్కడికెళ్ళాక పాస్‌పోర్ట్ చూపించడం లాంటివి చెయ్యొద్దు, ఏది అప్‌లోడ్ చేశారో అదే ఒరిజినల్ పట్టుకెళ్ళండి.

కాలేజీ పిల్లలకి, అంటే 18 నిండి ఇంకా ఓటు రాయించుకోని వాళ్ళకి, పాస్‌పోర్ట్ తీయించడమే మంచిదని నా అభిప్రాయం. ఫారం 6 పెట్టి ఓటు వచ్చేదాకా ఆగడం కన్నా అదే నమ్మకంగా ఉంటుంది, తర్వాత చదువులకీ పనికొస్తుంది. పెద్దవాళ్ళకి 36 పేజీల పాస్‌పోర్ట్ మామూలుగా 1500 రూపాయలు, తత్కాల్ అయితే ఇంకో 2000 ఎక్కువ. పాస్‌పోర్ట్ ఉన్నవాళ్ళు మాత్రం గడువు చూస్కోండి, వెళ్ళే రోజుకి ఇంకా ఆర్నెల్లకి పైనే ఉండాలి.

చిన్నపిల్లల దగ్గర ఇంకా జాగ్రత్త. 18 లోపు పిల్లలకి ఓటర్ కార్డు ఉండదు కాబట్టి భూటాన్‌కి పాస్‌పోర్ట్ గానీ, ఇంగ్లీషులో ఉన్న బర్త్ సర్టిఫికెట్ ఒరిజినల్ గానీ కావాలి, పక్కన అమ్మానాన్నల్లో ఒకరో, గార్డియనో ఉండాలి. స్కూల్ ఐడీ చాలదు. మనవాళ్ళు చాలామంది పుట్టినప్పుడు మున్సిపాలిటీలో తీసుకున్న సర్టిఫికెట్టే ఉంచుకుంటారు, అప్పటికి పిల్లకి పేరు పెట్టి ఉండరు, దాంట్లో పేరు గడి ఖాళీగా ఉంటుంది, లేదా బేబీ ఆఫ్ ఫలానా అని ఉంటుంది. స్కూల్లో వేసేటప్పుడు ఎలాగో గడిచిపోయి ఉంటుంది గానీ ఇక్కడ గడవదు. సచివాలయంలోనో మీసేవలోనో పేరు చేర్చడానికి అప్లై చేసి కొత్త కాపీ తీస్కోండి, తీసుకునేటప్పుడు ఆధార్‌లో ఉన్న పేరూ దీంట్లో పేరూ ఒకటేనా, అమ్మానాన్నల పేర్లు మీ ఓటర్ కార్డుల్లో ఉన్నట్టే ఉన్నాయా అని అక్కడే నిలబడి చదవండి. తల్లితోనో తండ్రితోనో ఒక్కళ్ళతోనే పిల్లలు వెళ్తుంటే రెండోవాళ్ళు సంతకం పెట్టిన లెటర్, వాళ్ళ ఐడీ జిరాక్స్ ఉంచుకోండి. పిన్నితోనో మేనమామతోనో పంపుతుంటే ఆ లెటర్ లేకుండా అసలు పంపొద్దు.

ఇప్పుడు భూటాన్ పర్మిట్. మనవైపు చివరి ఊరు జైగావ్, పశ్చిమ బెంగాల్‌లో ఉంటుంది, గేటు దాటితే ఫుంట్‌షోలింగ్. మన దగ్గర్నుంచి అయితే గౌహతి వైపు వెళ్ళే రైలెక్కి న్యూ జల్పాయ్‌గురిలో దిగి రోడ్డు మీద పోవచ్చు, లేదా హాసిమారా స్టేషన్ దాకా రైల్లోనే పోతే జైగావ్ ఇంక పక్కనే. పర్మిట్‌కి ఆన్‌లైన్‌లో ముందే అప్లై చేస్కోవచ్చు, ఫుంట్‌షోలింగ్ ఇమ్మిగ్రేషన్ ఆఫీసుకి వెళ్ళి కూడా తీస్కోవచ్చు, ఫ్యామిలీతో వెళ్ళేవాళ్ళు మాత్రం ముందే చేస్కోండి. ఐడీ స్కాన్, పాస్‌పోర్ట్ సైజు ఫోటో, ఏ రోజు ఏ ఊర్లో ఉంటారో ఆ ప్లాను, హోటల్ బుకింగులు రెడీగా పెట్టుకుని కూర్చుంటే పని తొందరగా తెములుతుంది. స్కాన్ అంటే బల్ల మీద పెట్టి ఫోన్‌తో తీసింది కాదు, ఫ్లాష్ పడి నంబర్ తెల్లగా మెరిసిపోతుంది. బ్రాడీపేటలోనో బీసెంట్ రోడ్డులోనో ఏ జిరాక్స్ షాపుకెళ్ళినా స్కాన్ చేసి వాట్సాప్‌లో పెడతారు, రెండు వైపులా తీయించండి. ప్లాన్‌లో థింఫు, పారో మాత్రమే రాసి తర్వాత పునాఖా వెళ్దామనుకుంటే దారిలో హోంగ్‌ట్షో చెక్‌పోస్టులో పర్మిట్ చూస్తారు, అందుకని వెళ్ళే అవకాశం ఉన్న ఊర్లన్నీ మొదట్లోనే రాసెయ్యండి.

ఫీజు సంగతి. సస్టెయినబుల్ డెవలప్‌మెంట్ ఫీజు అని, ఎస్‌డీఎఫ్ అంటారు, 2022 సెప్టెంబర్‌లో కోవిడ్ తర్వాత బోర్డర్ మళ్ళీ తెరిచినప్పట్నుంచి మనవాళ్ళకి మనిషికి రాత్రికి 1200. ఆరు నుంచి పన్నెండేళ్ళ పిల్లలకి సగం, ఆరేళ్ళ లోపు వాళ్ళకి లేదు. భార్యాభర్తలు, ఎనిమిదేళ్ళ బాబు, నాలుగు రాత్రులు అనుకుంటే పెద్దవాళ్ళిద్దరికీ 9600, బాబుకి 2400, మొత్తం 12000. హోటల్, కారు, తిండి ఇవన్నీ దీనికి బయట. ఆన్‌లైన్‌లో కట్టేటప్పుడు ఓటీపీ వస్తుంది కదా, అందుకే ఇండియాలో సిగ్నల్ ఉండగానే కట్టెయ్యండి, రసీదు ప్రింట్ తీస్కోండి. మన రూపాయికీ భూటాన్ డబ్బుకీ విలువ ఒకటే, మన రూపాయి అక్కడ నడుస్తుంది, 100 నోట్లు ఎక్కువ పెట్టుకుంటే ఇబ్బందుండదు.

భూటాన్ టైం మనకన్నా అరగంట ముందు. జైగావ్‌లో నాలుగున్నర అయితే గేటవతల ఐదు, ఆఫీసు మూసే వేళ అయిపోతుంది. డిసెంబర్ 17 వాళ్ళ నేషనల్ డే, ఇంకా వాళ్ళ పండగలు వేరే ఉంటాయి, మన క్యాలెండర్ చూసి వెళ్తే పొరపడతాం. పర్మిట్ వచ్చాక దాన్ని ఫోటో తీసి ఇంట్లో వాళ్ళకి పంపండి, ఒరిజినల్ తిరిగి వచ్చేదాకా పారేయొద్దు, హోటల్లో అడుగుతారు, వచ్చేటప్పుడు కూడా చూపించాలి. సొంత కారుతో లోపలికి పోవాలంటే రోజుకి 4500 ఫీజు, నా సలహా అయితే కారు జైగావ్‌లో పెట్టి అక్కడి టాక్సీ మాట్లాడుకోండి.

నేపాల్ వేరే కథ. 1950లో మన దేశానికీ నేపాల్‌కీ కుదిరిన ఒప్పందం వల్ల అక్కడ పర్మిట్ కూడా లేదు, కాశీ, గోరఖ్‌పూర్ మీదుగా సునౌలి వెళ్ళి గేటు దాటితే అటు భైరహవా, గుంటూరు నుంచి యాత్ర బస్సుల్లో ముక్తినాథ్ వెళ్ళేవాళ్ళకి ఈ దారి తెలిసిందే. ఇక్కడ కూడా పెద్దవాళ్ళకి పాస్‌పోర్టో ఓటర్ కార్డో ఉండాలి. 65 దాటినవాళ్ళకి, 15 లోపు పిల్లలకి మాత్రం ఆధార్, పాన్, రేషన్ కార్డు లాంటి ఫోటో ఉన్న కాగితం సరిపోతుంది, 15 నుంచి 18 మధ్య పిల్లలకి స్కూల్ హెడ్‌మాస్టర్ ఇచ్చిన ఐడెంటిటీ సర్టిఫికెట్ తీస్కోండి. ఈ 65 ఏళ్ళ సడలింపు విని చాలామంది భూటాన్‌కి కూడా అదే అనుకుంటున్నారు, కాదండీ, అక్కడ తాతయ్యకైనా ఓటర్ కార్డో పాస్‌పోర్టో ఉండాల్సిందే.

మా పక్కింటి బాబాయ్‌గారు ఇదే అడిగారు, "బస్సులో పోయేవాళ్ళని ఎవరూ చూడరంట కదమ్మా, ఆధార్ చాలంట?" అని. "చూడకపోవచ్చు బాబాయ్‌గారూ, కానీ ఖాట్మండులో ఒంట్లో బాలేక విమానంలో వెనక్కి రావాల్సొస్తే పిన్నిగారిని ఆధార్‌తో ఎక్కించరు, ఆవిడకింకా 65 రాలేదు కదా" అన్నా. రోడ్డు మీద వెళ్ళి విమానంలో తిరిగొచ్చే ప్లాను ఉన్నవాళ్ళు ఇది తప్పకుండా గుర్తుపెట్టుకోవాలి, రోడ్డు బోర్డర్ కన్నా ఎయిర్‌పోర్ట్‌లో చాలా గట్టిగా చూస్తారు.

ముక్తినాథ్ వెళ్ళేవాళ్ళకి అన్నపూర్ణ ప్రాంతంలోకి ఎంట్రీ పర్మిట్ విడిగా ఉంటుంది, సార్క్ దేశాల వాళ్ళకి, అంటే మనకి కూడా, నేపాలీ 1000 రూపాయలు, అంటే మన డబ్బుల్లో 625, ఎందుకంటే మన 100 వాళ్ళ 160కి సమానం. దానికి ఫోటోలు కావాలి కాబట్టి మనిషికి అరడజను పాస్‌పోర్ట్ సైజువి ఇక్కడే కొట్టించుకోండి. నేపాల్ టైం మనకన్నా పావుగంట ముందు. సొంత బండి అయితే బోర్డర్లో భన్సార్ అంటారు, అంటే కస్టమ్స్ దగ్గర రోజుల లెక్కన డబ్బు కట్టి కాగితం తీస్కోవాలి, ఆర్‌సీ ఒరిజినల్, లైసెన్స్, ఇన్సూరెన్స్ అన్నీ చూపించాలి, ఎన్ని రోజులకి కట్టారో ఆ లోపే బయటికి రావాలి.

చివరగా ఫైల్. ఇంటిల్లిపాదివీ ఒకే కవర్లో కుక్కొద్దు, ఒక్కొక్కరికి ఒక ప్లాస్టిక్ ఫోల్డర్ పెట్టి మీద పేరు రాయండి. దాంట్లో ఒరిజినల్ ఐడీ, రెండు జిరాక్సులు, ఫోటోలు, పర్మిట్ ప్రింటు, ఇంట్లో ఒకరి ఫోన్ నంబర్. జిరాక్సుల ఇంకో సెట్టు వేరే బ్యాగులో. షుగరు, బీపీ మందులు వాడే పెద్దవాళ్ళ ఫోల్డర్లో డాక్టర్ చీటీ కూడా, మందు పేరు, మోతాదు ఇంగ్లీషులో చదవగలిగేలా రాయించి పెట్టండి, ఆ మందులు కూడా స్ట్రిప్పు నుంచి చింపి డబ్బాలో పోయకుండా కవర్లతోనే తీసుకెళ్ళండి.