మీ పుస్తకాన్ని మీరే వేసుకోవాలంటే ఎలా?

నా మొదటి కథల పుస్తకం వెయ్యి కాపీలు వేయించాను. "ఐదొందలకైనా వెయ్యికైనా ప్లేట్ల ఖర్చు ఒకటే సార్, ఇంకొంచెం పెడితే రెట్టింపు వస్తాయి" అన్నాడు ప్రెస్సాయన. ఆ లెక్క నిజమే. మూడేళ్ల తర్వాత కూడా ఆరు కట్టలు మా మంచం కిందే ఉన్నాయి, అదీ నిజమే.

1. ముందు పాఠకుల్ని లెక్కపెట్టండి. డబ్బిచ్చి కొంటారని నమ్మకం ఉన్నవాళ్ల పేర్లు కాగితం మీద రాయండి. ఫేస్‌బుక్‌లో లైకు కొట్టినవాళ్లను కలపకండి. ఏ దారి పట్టాలో ఆ జాబితాను బట్టే తేల్చుకోవాలి.

2. రాతప్రతి సిద్ధం చేయండి. యూనికోడ్‌లోనే (ఫోన్లలో, నెట్‌లో వాడే తెలుగు అక్షరాల పద్ధతి) టైపు చేసుకోండి. చాలామంది డీటీపీ వాళ్లు ఇప్పటికీ అను ఫాంట్లలోకి (యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లు) మార్చి పేజీలు కడతారు. ఆ మార్పిడిలో ఒత్తులు జారిపోతాయి, అరసున్నాలు మాయమవుతాయి. కాబట్టి ప్రూఫు మార్పిడికి ముందు ఒకసారి, తర్వాత కాగితం మీద ఇంకోసారి చూడాలి. రెండోసారి మీరు కాకుండా వేరేవాళ్లు చూస్తే మంచిది. మన తప్పులు మన కంటికి ఆనవు. ముందుమాట కోసం పెద్ద రచయితను అడిగేటట్టయితే ఈ దశలోనే అడగండి. అది ఒక్కోసారి పుస్తకం రాయడానికి పట్టినంత కాలం పడుతుంది!

3. పేజీలను ఫారాల్లో చూడండి. పుస్తకం సాధారణంగా 16 పేజీల ఫారాల (ఒకే పెద్ద కాగితం మీద వేసి మడిచే పేజీల) లెక్కన అచ్చవుతుంది. 160 పేజీలంటే సరిగ్గా పది ఫారాలు. 163 అయితే ఆ మూడు పేజీల కోసం అదనపు ఖర్చు. అక్షరం సైజు కొంచెం తగ్గించో, ఆ మూడు పేజీలూ కోసో సర్దుకోండి. పేజీలు తేలాకే వెన్ను మందం తెలుస్తుంది. ముఖచిత్రం ఫైనల్ చేయడం ఆ తర్వాతే.

4. ఇప్పుడు దారి ఎంచుకోండి. జాబితాలో వందలోపు పేర్లుంటే డిజిటల్ ప్రెస్సులో యాభయ్యో వందో వేయించండి. కాపీకి ఖర్చు ఎక్కువే, కానీ ఇంట్లో కట్టలు మిగలవు. మూడొందలు దాటితే ఆఫ్‌సెట్ (ప్లేట్లు చేసి ఒకేసారి ఎక్కువ కాపీలు వేసే పద్ధతి) గిట్టుబాటవుతుంది. వాట్సాప్‌లో ముందుగానే డబ్బు కట్టించుకుని, వచ్చిన ఆర్డర్లకు కొంచెం మాత్రమే కలిపి వేసేవాళ్లున్నారు. నాకు నచ్చిన పద్ధతి అదే.

పాఠకులు ఊరూరా చెదిరి ఉంటే ప్రింట్ ఆన్ డిమాండ్ చూడండి. పోతీ డాట్ కామ్, నోషన్ ప్రెస్ లాంటివి ఆర్డరు వచ్చాక కాపీ వేసి పంపుతాయి. బయటి దేశాల్లో చదివేవాళ్లకు ఈబుక్ సులువు. గూగుల్ ప్లే బుక్స్‌లో తెలుగు పుస్తకాలు పెట్టుకోవచ్చు. 2016లో అమెజాన్ కిండిల్‌లోకి ఐదు భారతీయ భాషలను తెచ్చినప్పుడు వాటిలో తెలుగు లేదు. అందుకని అక్కడ పెట్టాలనుకుంటే, పని మొదలుపెట్టేముందే ఇప్పటి భాషల జాబితా చూసుకోండి.

"అన్నీ మేమే చూసుకుంటాం" అనే ప్యాకేజీల దగ్గర మూడు ప్రశ్నలు అడగండి. హక్కులు ఎవరివి? పేజీలు కట్టిన ఫైలు నాకిస్తారా? అమ్మకాల లెక్క ఎప్పుడెప్పుడు చూపిస్తారు? జవాబు నోటిమాటగా చెబితే చాలదు, ఒప్పందంలో ఉండాలి.

5. ఐఎస్‌బీఎన్ (పుస్తకాన్ని గుర్తించే అంతర్జాతీయ సంఖ్య) తీసుకోండి. మన దేశంలో ఇది ఉచితం. రాజా రామమోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ వెబ్‌సైట్లో రచయిత సొంతంగానే దరఖాస్తు చేసుకోవచ్చు. దీనికోసం ఎవరికీ డబ్బివ్వకండి. పుస్తకం వచ్చాక 1954 నాటి చట్టం ప్రకారం కోల్‌కతా నేషనల్ లైబ్రరీకీ, చెన్నై కన్నెమరా లాంటి నిర్ణీత గ్రంథాలయాలకూ సొంత ఖర్చుతో కాపీలు పంపాలి. గడువు ముప్పై రోజులు.

6. వెల వేయండి. అచ్చు ఖర్చు మీద పదో పరకో కలిపితే మునిగిపోతారు. పుస్తకాల షాపులూ డిస్ట్రిబ్యూటర్లూ నలభై శాతం దాకా, ఒక్కోసారి అంతకు మించి కమిషన్ తీసుకుంటారు. 150 రూపాయల పుస్తకానికి మీ చేతికి తొంభై వస్తాయి, అదీ అమ్ముడయ్యాక. కాపీలు ఇచ్చినప్పుడు రసీదు తప్పకుండా తీసుకోండి. లోపలి పేజీలో "ప్రతులకు" అన్నచోట పనిచేసే ఫోన్ నంబరు ఉండాలి. నేరుగా ఫోన్ చేసి కొన్నవాళ్ల డబ్బులోంచి కమిషన్ పోదు, పోస్టు ఖర్చు మాత్రమే పోతుంది.

హైదరాబాద్ పుస్తక ప్రదర్శన మామూలుగా డిసెంబరులో, విజయవాడది జనవరి మొదట్లో జరుగుతాయి. వాటికి అందాలంటే ఆగస్టుకల్లా రాతప్రతి డీటీపీకి వెళ్లాలి.