చిన్న కట్టెల పొయ్యి వెలిగించే ముందు

రేకు పొయ్యి మంచి సెగ ఇవ్వాలంటే సగం పని అగ్గిపుల్ల గీయకముందే అయిపోవాలి.

• ముందు కట్టెలు చూడండి, అన్నిటికంటే ఇదే ముఖ్యం. పచ్చి కట్టె బరువులో దాదాపు సగం నీరే. మంట వేడి ఆ నీటిని ఆవిరి చేయడానికే పోతుంది, మనకు మిగిలేది పొగ. తేమ 20 శాతం లోపు ఉంటే మేలు. రెండు కట్టెలు తట్టితే ఖంగుమనాలి, చివర్లు పగిలి కనిపించాలి. సరుగుడు, తుమ్మ బాగా మండుతాయి. బొటనవేలంత లావుకు చీల్చుకోండి. చిన్న పొయ్యిలో మొద్దులు పెడితే రాజుకోవు.

• అడుగు జాలీలోని బూడిద దులపండి, గాలి కింది నుంచే రావాలి. పొయ్యి నోరు నిండా కట్టెలు కుక్కకండి.

• గిన్నె అడుగున మసి గీకేయండి.

• రంగు వేసిన చెక్క, ప్లైవుడ్, ప్లాస్టిక్ వద్దు. వాటి పొగ విషం. మండుతున్న పొయ్యిలో కిరోసిన్ అసలే పోయకండి.

• తలుపులు మూసిన గదిలో వెలిగించొద్దు. నిప్పుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు వాసన ఉండదు. చలికాలం నిప్పులు పక్కన పెట్టుకుని పడుకోవడం ప్రాణాల మీదికే తెస్తుంది, దయచేసి ఆ పని చేయకండి.

• కొంగు, చున్నీ బిగించుకోండి. బకెట్ నీళ్లు దగ్గర పెట్టుకోండి.