షాపు భద్రత – 3వ పాఠం: మెట్లు

మెయిన్ స్విచ్ ఎక్కడుందో, దాన్ని ఎవరెవరు ఆపగలరో కిందటి పాఠంలో రాసుకున్నాం. ఈసారి మెట్ల సంగతి.

2022 మార్చిలో సికింద్రాబాద్ బోయిగూడలో ఒక తుక్కు గోదాముకు నిప్పంటుకుంది. పై అంతస్తులో నిద్రపోతున్న బిహార్ కార్మికులు 11 మంది చనిపోయారు. అదే ఏడాది సెప్టెంబరు 12 రాత్రి సికింద్రాబాద్‌లోనే మరో భవనం: కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్, పైన లాడ్జి. ఈసారి 8 మంది. రెండుసార్లూ నిప్పు పుట్టింది కింద, పోయినవాళ్లు పైన.

వేడి పొగ పైకి లేస్తుంది. తలుపుల్లేని మెట్లదారి దానికి పొగగొట్టం లాంటిది. మంట ఇంకా రెండంతస్తుల కింద ఉండగానే పైవాళ్లకు ఊపిరాడదు. అందుకే మెట్ల కింద అట్టపెట్టెలు, ఇన్వర్టర్, ఛార్జింగ్‌కు పెట్టిన బండి, ఏదీ ఉండకూడదు. "జాగా లేదండీ" అంటారు అందరూ. జాగా లేకపోతే స్టాక్ తగ్గించండి, అంతే.

ఇప్పుడు అభ్యాసం. షాపు కట్టేసే వేళ లైట్లన్నీ ఆర్పి, అన్నిటికన్నా లోపలి గదిలో నిలబడండి. ఫోన్ టార్చితో వీధి దాకా నడవండి. కాలికి ఏం తగిలింది? ఏ గ్రిల్‌కు తాళం ఉంది, తాళంచెవి ఎవరి దగ్గరుంది? ఇదంతా కాగితం మీద గీయండి. తర్వాత మొదటి దారి మూసుకుపోయిందనుకుని రెండోది వెతకండి. రెండోది లేదని తేలితే బిల్డింగ్ ఓనర్‌తో మాట్లాడాల్సిందే. మొహమాటపడకండి.

కుర్రాణ్ని లోపల పడుకోబెట్టి బయట షట్టర్‌కు తాళం వేసే అలవాటు మన బజార్లలో ఉంది. మీ దగ్గరా ఉంటే ఈ రాత్రే మానేయండి. దొంగల భయానికి వేరే ఉపాయం చూసుకోవచ్చు.

మెట్లనిండా పొగే ఉంటే దిగే సాహసం వద్దు, లిఫ్ట్ అసలే వద్దు. వీధివైపు కిటికీ ఉన్న గదిలోకి వెళ్లి తలుపు మూసి, సందుల్లో తడిగుడ్డ కుక్కి, 101కో 112కో ఫోన్ చేయండి. ఎన్నో అంతస్తో, ఎటువైపు కిటికీయో ముందు చెప్పండి. ఆ గది ఏదో మీ కాగితం మీద ఇప్పుడే గుర్తు పెట్టండి.

వచ్చే పాఠం మంటలార్పే సిలిండర్ల గురించి. మీ షాపులో ఉన్నదాని మీద ముల్లు ఆకుపచ్చ గీతలో ఉందో లేదో ఈలోగా చూసి ఉంచండి.