ఉద్యోగ వేట, 4వ పాఠం: రిక్రూటర్ ఎవరి తరఫు మనిషి?

పోయిన పాఠంలో నౌకరీ అనే ఉద్యోగాల వెబ్‌సైట్‌లో ప్రొఫైల్‌కు హెడ్‌లైన్ రాయడం చూశాం. అది కుదిరితే ఫోన్లు మొదలవుతాయి. ఆ ఫోన్ ఎలా మాట్లాడాలన్నది ఈ పాఠం. ముందు అవతలి మనిషి, అంటే కంపెనీల ఖాళీలకు మనుషుల్ని వెతికే రిక్రూటర్, పనేమిటో తెలియాలి, ఎందుకంటే చాలామంది పొరబడేది అక్కడే. "కన్సల్టెన్సీ మేడమ్ నాకు ఉద్యోగం చూస్తున్నారు" అంటూ ఉంటారు. ఆవిడ చేతిలో ఒక ఖాళీ ఉంది, దానికి మనిషి కావాలి. ఆ వెతుకులాటకు డబ్బిచ్చేది కంపెనీ. పెళ్లిళ్ల పేరయ్యకైతే రెండు వైపులా ముడుతుంది, ఈవిడకు ఒక్క వైపే.

ముందు ఆ డబ్బు లెక్క చూద్దాం. కన్సల్టెన్సీ ఫీజుగా మన దగ్గర తరచుగా వినిపించే అంకె 8.33 శాతం, అంటే ఏడాది సీటీసీలో (కంపెనీ మీ మీద పెట్టే మొత్తం ఖర్చులో) పన్నెండో వంతు. పోస్టును బట్టి ఇది పెరగొచ్చు, తగ్గొచ్చు. మీ సీటీసీ 12 లక్షలైతే కన్సల్టెన్సీకి దాదాపు లక్ష రూపాయలు. అదీ మీరు ఉద్యోగంలో చేరాకే. చేరిన 90 రోజుల్లోపు మానేస్తే ఇంకో మనిషిని ఉచితంగా వెతికిపెట్టాలని చాలా ఒప్పందాల్లో రాసి ఉంటుంది. దాన్ని రీప్లేస్‌మెంట్ క్లాజ్ అంటారు. "సార్, కచ్చితంగా జాయిన్ అవుతారు కదా?" అని ఆవిడ పదిసార్లు అడగడం వెనకున్న టెన్షన్ ఇదే.

"నా జీతం తగ్గించి మిగతాది వాళ్లు తినేస్తారు" అనే అనుమానం చాలామందికి ఉంది. పర్మనెంట్ ఉద్యోగంలో అది కుదరదు, ఫీజు లెక్కగట్టేదే జీతం మీద. కాంట్రాక్టు ఉద్యోగమైతే మాత్రం ఆ అనుమానంలో నిజముంది. మీ పనికి కంపెనీ ఏజెన్సీకి ఇచ్చే బిల్లింగ్ రేటుకూ మీ చేతికొచ్చేదానికీ మధ్య తేడాయే అక్కడ ఏజెన్సీ ఆదాయం. కాబట్టి పర్మనెంటా, కాంట్రాక్టా, జీతం ఎవరి పేరోల్ మీద అన్నది మొదటి నిమిషంలోనే తేల్చుకోండి.

ఇంకొందరు దీనికి ఎదురు పొరబాటు చేస్తారు. జీతం పెరిగితే వాళ్లకూ లాభమే కదా, నా తరఫున గట్టిగా అడుగుతారులే అనుకుంటారు. లెక్క వేసి చూడండి. మీ సీటీసీ లక్ష పెరిగితే ఫీజులో పెరిగేది 8,330 రూపాయలు. ఆ బేరంలో కంపెనీ విసుగెత్తి ఇంకొకరిని తీసుకుంటే మొత్తం ఫీజే పోతుంది. "మంచి ఆఫర్ సార్, ఓకే చేసేయండి" అనే మాట అందుకే త్వరగా వస్తుంది. అందులో మోసమేమీ లేదు. బేరం మాత్రం మీరే ఆడుకోవాలి. మీ అంకె చెప్పకముందే "ఈ పోస్టుకు బడ్జెట్ ఎంతవరకు ఉందండీ?" అని అడగండి. అవతల ఉన్నది కంపెనీ సొంత రిక్రూటరైనా ఇదే ప్రశ్న. వాళ్లకు ఫీజు ఉండదు గానీ, పోస్టుకు కేటాయించిన మొత్తం ఉంటుంది.

ఇక అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసే అపోహ: నలుగురు కన్సల్టెంట్లకు రెజ్యూమె ఇస్తే నాలుగు అవకాశాలు. వేర్వేరు కంపెనీలకైతే నిజమే. ఒకే పోస్టుకు ఇద్దరు మీ ప్రొఫైల్ పంపితే మాత్రం ఫీజు ఎవరికివ్వాలన్న తగువు వస్తుంది. ముందు పంపినవాళ్లకే హక్కు అన్నది మామూలు పద్ధతి. కొన్ని కంపెనీలు ఆ గొడవంతా ఎందుకని ప్రొఫైల్‌నే పక్కన పెట్టేస్తాయి. మీరు స్వయంగా కంపెనీ వెబ్‌సైట్‌లో అప్లై చేసి, తర్వాత కన్సల్టెన్సీ ద్వారా వెళ్లినా ఇదే తంటా. అమెరికా ఐటీ మార్కెట్‌కు హైదరాబాద్ నుంచి రాత్రిళ్లు పనిచేసే రిక్రూటర్లు ప్రొఫైల్ పంపేముందు అభ్యర్థి దగ్గర "రైట్ టు రిప్రెజెంట్" అని మెయిల్‌లో అనుమతి తీసుకుంటారు. మనకు ఆ అలవాటు తక్కువ కనుక ఆ పని మీరే చేయండి. ఫోన్ పెట్టేశాక ఈ నాలుగు వాక్యాల మెయిల్ పంపండి:

"నమస్తే మేడమ్. ఫలానా కంపెనీలో ఫలానా పోస్టుకు నా ప్రొఫైల్ పంపడానికి ఒప్పుకుంటున్నాను. ఈ పోస్టుకు ఇంకెవరి ద్వారా వెళ్లలేదు. వేరే పోస్టులకు పంపేముందు దయచేసి నన్ను అడగండి."

కంపెనీ పేరు చెప్పకుండానే రెజ్యూమె పంపమంటే తొందరపడొద్దు. పేరు బయటపెట్టలేని పోస్టులు నిజంగానే కొన్ని ఉంటాయి. అయినా సబ్మిట్ చేసేముందు చెప్పమని అడిగే హక్కు మీకుంది.

"రిక్రూటర్‌కు టెక్నాలజీ ఏం తెలుసు?" అని వెటకారం చేసేవాళ్లకు చిన్న సమాధానం. తెలియకపోవచ్చు, ఒకే రోజు జావా, శాప్, సివిల్ ఇంజనీర్ పోస్టులు మూడూ చూసే మనిషికి అన్నీ ఎలా తెలుస్తాయి? డేటాబేస్‌లో వెతికేది జాబ్ డిస్క్రిప్షన్‌లోని మాటలతోనే, దానికి తోడు అనుభవం, ఊరు, నోటీస్ పీరియడ్ అనే ఫిల్టర్లు. అందుకే ఫోన్లోనూ ఆ మాటలే వాడండి. "మైక్రోసర్వీసెస్ మీద మూడేళ్లు చేశాను" అంటే ఆవిడ రాసుకుంటుంది. ఆర్కిటెక్చర్ పాఠం చెబితే రాసుకోదు.

జవాబు రాకపోవడం గురించి కూడా రెండు మాటలు. హైరింగ్ మేనేజర్ ప్రొఫైల్ తెరవకపోవచ్చు, పోస్టు హోల్డ్‌లో పడొచ్చు, లోపలి మనిషినే తీసుకోవచ్చు. ఇవేవీ రిక్రూటర్ చేతిలో లేవు. ఒక మాట చెప్పి ఉండాల్సింది, నిజమే. వారం ఆగి పోస్టు పేరు రాసి ఒక మెసేజ్ పెట్టండి, ఇంకో వారం చూసి వదిలేయండి. రోజూ ఫోన్ చేస్తే ఎత్తడం మానేస్తారు.

డబ్బు మీరివ్వాల్సి వస్తే? దేశంలో ఉద్యోగానికి ఫీజు, డిపాజిట్, ట్రైనింగ్ చార్జీ అన్నారంటే అక్కడితో ఆపేయండి. గల్ఫ్ లాంటి విదేశీ ఉద్యోగాలకు మాత్రం 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద రిజిస్టరైన ఏజెంటు 30,000 రూపాయల వరకు, దానిపై జీఎస్‌టీ, రసీదు ఇచ్చి తీసుకోవచ్చు. ఆ ఏజెంటు రిజిస్ట్రేషన్ కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో కనిపించాలి. జగిత్యాల, నిజామాబాద్, కడప వైపు పాఠకులు ఈ సంగతి ఇంట్లో పెద్దవాళ్లకు కూడా చెప్పండి.

ఈ వారం అభ్యాసం: ఒక నోట్‌బుక్‌లో ఐదు గళ్లు గీయండి. కంపెనీ, పోస్టు, పంపినవారు, తేదీ, చెప్పిన బడ్జెట్. ఈ మధ్య వచ్చిన కాల్స్ గుర్తున్నంతవరకు నింపండి. పంపినవారు గడిలో ఎక్కడైనా రెండు పేర్లు పడితే, రెండోవాళ్లకు ఇవాళే ఫోన్ చేసి, ముందే ఇంకొకరి ద్వారా వెళ్లిందని చెప్పేయండి. వచ్చే పాఠంలో ఆఫర్ లెటర్ తెరిచి, సీటీసీలో ఫిక్స్‌డ్ ఎంత, వేరియబుల్ ఎంత అన్నది విడదీద్దాం.