కొబ్బరినూనె సీసాతో తిరిగే తమ్ముళ్లకు

డబ్బుకు మగవాళ్లతో పడుకునే ఈ పనిలో నేను పన్నెండేళ్లున్నాను. ఇప్పుడు పీర్ ఎడ్యుకేటర్‌ని, అంటే మనలోంచే ఒకడిగా మనవాళ్లకు జాగ్రత్తలు చెప్పేవాణ్ని. సాయంత్రం సంచిలో నిరోధ్‌లు, జెల్ ప్యాకెట్లు వేసుకుని కాజీపేట నుంచి హన్మకొండ దాకా తిరుగుతాను. కొత్త తమ్ముడు కనిపిస్తే ముందు జేబులు చూపించమంటాను. సగం మంది దగ్గర చిన్న కొబ్బరినూనె సీసా దొరుకుతుంది.

నూనె, వాజిలిన్, బాడీ లోషన్, ఏదైనా సరే రబ్బరును పాడుచేస్తుంది. నమ్మకపోతే ఒక నిరోధ్ ఊది, నూనె రాసి పక్కన పెట్టు. నీ కళ్ల ముందే పగులుతుంది. నీళ్లతో చేసిన జెల్ వాడాలి. వెనక నుంచి కలిసేటప్పుడు అక్కడ తడి ఊరదు, లోపలి పొర పలచన, ఇట్టే గీరుకుంటుంది. కలయికలో హెచ్ఐవీ అన్నిటికన్నా తేలిగ్గా సోకేది అలాగే, తీసుకునేవాడికి మరీను. నిరోధ్ పర్సులో దాచొద్దు, మన ఎండలకు పనికిరాకుండా పోతుంది. రెండు కలిపి వేసుకోవద్దు, రాసుకుని చిరుగుతాయి.

“నిరోధ్ లేకుండా అయితే ఐదొందలు ఎక్కువిస్తా” అనే గిరాకీ ఉంటాడు. ఆ సంగతి బండెక్కక ముందే తేల్చుకో. గదిలోకి పోయాక బేరం నీ చేతిలో ఉండదు, తాగి ఉంటే అసలే ఉండదు. నేనైతే “నాకే ఏదో జబ్బుందన్నా, నీ మంచికే చెప్తున్నా” అనేవాణ్ని. చాలామంది కిక్కురుమనకుండా వేసుకునేవాళ్లు.

నిరోధ్ చిరిగిందా? 72 గంటల్లోపు పెద్దాసుపత్రికి పో, హెచ్ఐవీ అంటుకోకుండా ఆపే పెప్ మందులు అడుగు. ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిది, 28 రోజులు మానకుండా వాడాలి. నాకు చిరిగినప్పుడు నేను వెంటనే పోలేదు. అంతకుముందు వేరే ఊళ్లో ఒకచోట చీటీ రాసేవాడు నలుగురిలో “ఏం పని చేస్తావ్?” అని నవ్వాడు. ఆ సిగ్గుతో ఆగి ఆగి ఆరో రోజు వెళ్లాను. గడువు దాటిపోయింది. తర్వాత పాజిటివ్ అని తేలింది. ఇప్పుడు రాత్రికో మాత్ర, అదీ ఉచితమే. రక్తంలో వైరస్ పరీక్షకు కూడా దొరకనంత తగ్గింది. అలా ఉన్నంతకాలం కలయికతో నా నుంచి ఎవరికీ రాదు. అయినా నిరోధ్ మానలేదు, ఆ మాత్రతో సిఫిలిస్, గనేరియా ఆగవు.

ఆరు నెలలకోసారి ఐసీటీసీలో, అంటే సర్కారు హెచ్ఐవీ పరీక్షా కేంద్రంలో, పరీక్ష చేయించుకో, సిఫిలిస్‌కూ చేయమను. నిన్నటి తప్పుకు ఇవాళ నెగెటివ్ వస్తే సంబరపడొద్దు, మూడు నెలలకు మళ్లీ చూపించుకో. నువ్వు ఒప్పుకోకుండా పరీక్ష చేయడానికి, నీ రిపోర్టు బయటపెట్టడానికి వీల్లేదని 2017 హెచ్ఐవీ చట్టంలోనే ఉంది. హెచ్ఐవీ రాకుండా ముందు నుంచే వేసుకునే ప్రెప్ మాత్రలూ ఉన్నాయి, హెచ్ఐవీ లేదని తేలాక డాక్టరే రాయాలి. ఎవరినీ అడగలేని టెన్షన్ ఉంటే హెచ్ఐవీ హెల్ప్‌లైన్ 1097కు ఫోన్ చెయ్, డబ్బులు పడవు.

పోయేముందు ఆ సీసా నాకిచ్చిపో. ఇప్పటికే మా ఇంట్లో డజను పోగయ్యాయి, మా అమ్మ తలకు రాసుకుంటోంది.