ఏనుగుల జాడ తీయడం: గజపతి, రాయగడ సరిహద్దు పల్లెలకు ఒక మార్గదర్శిని

ఒడిశాలోని పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం చుట్టుపక్కల వంశధార ఒడ్డున వ్యవసాయం చేసుకునే తెలుగు కుటుంబాలకు ఏనుగుల రాకపోకలు కొత్త విషయం కాదు. గజపతి జిల్లాలోని లఖారి లోయ అభయారణ్యం వైపు నుంచి బయలుదేరిన ఏనుగులు 2007లో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల దాకా వచ్చాయి. 2018లో మళ్ళీ వచ్చిన గుంపు వెనక్కి పోకుండా ఇప్పటి పార్వతీపురం మన్యం జిల్లా పొలాల మధ్యనే ఏళ్ళ తరబడి తిరిగింది. ఈ కాలమంతటా పంటలు పోయాయి, మనుషులు పోయారు, ఏనుగులూ పోయాయి. మనిషి ప్రాణం పోయిన సందర్భాల్లో చాలావాటిలో ఏనుగు దగ్గరలో ఉన్నట్టు ఆ మనిషికి తెలియనే తెలియదు. చీకటితో బహిర్భూమికి వెళ్ళినవారు, జీడితోటకు కావలి పోయినవారు, తెల్లవారుజామున ఇప్పపువ్వు ఏరడానికి బయలుదేరినవారు హఠాత్తుగా ఎదురుపడి ప్రాణాలు కోల్పోతున్నారు. కాబట్టి జాడ తీసే పని అంతా ఒక్క కబురు కోసమే జరగాలి: గుంపు ఇవాళ పగలు ఎక్కడ ఆగింది, రాత్రికి ఎటు దిగవచ్చు అన్నది సాయంత్రం నాలుగింటికల్లా ఊరందరికీ తెలియాలి. కబురుగా మారని జాడ ఎంత చక్కగా తీసినా ఎవరికీ ఉపయోగపడదు.

పనికి దిగేముందు

ఊరికి నలుగురు చాలు. కొండ దారులు తెలిసిన పశువుల కాపరులు, పోడు చేసుకునే సవర తెగ యువకులు ఈ పనికి అందరికంటే తగినవారు, ఎందుకంటే నిన్న లేని గుర్తు ఇవాళ కనిపిస్తే వారి కంటికే ముందు ఆనుతుంది. మీ బీటు ఫారెస్ట్ గార్డుకు పేర్లు, ఫోన్ నంబర్లు ముందుగా ఇచ్చి, ఏయే దారుల్లో తిరగవచ్చో ఆయనతోనే నిర్ణయించుకోండి. అభయారణ్యం లోపలికి అనుమతి లేకుండా వెళ్ళడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. పైగా ఊరి రక్షణకు కావలసిన గుర్తులన్నీ అడవి అంచున, గెడ్డల (కొండవాగుల) వెంట, పొలం గట్ల మీదనే దొరుకుతాయి.

ఎప్పుడూ ఇద్దరుగా వెళ్ళండి. బాగా తెల్లవారి, నాలుగు వైపులా స్పష్టంగా కనిపించే వరకు ఆగండి. ఏనుగుకు చూపు అంత చురుకైనది కాదు గాని వాసన పసిగట్టడంలో దానికి సాటి లేదు. కనుక అడుగు వేసేముందు చిటికెడు పొడి మన్ను వదిలి గాలి ఎటు వీస్తున్నదో చూసుకోవాలి. మీ మీదుగా గాలి అడవిలోకి వీస్తుంటే ఆ దారి మానుకోండి. అన్నిటికంటే ముఖ్యమైన నియమం ఇది: జాడను అది వచ్చిన వైపుకు చదవండి, అది పోయిన వైపుకు వెంబడించకండి. పోయిన దిక్కును దూరం నుంచి గుర్తు పెట్టుకుని, ఆ దిక్కున ఉన్న పల్లెకు ఫోన్ చేస్తే సరిపోతుంది. ఎదురుగా ఏనుగు కనబడితే ఫోటో కోసం ఒక్క క్షణం కూడా ఆగకుండా వచ్చిన దారినే వెనక్కి రండి.

అడుగు, లద్దె

ముందు పాదం గుండ్రంగా, వెనక పాదం కాస్త పొడవుగా కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. మన ఏనుగులకు సాధారణంగా ముందు పాదానికి ఐదు, వెనక పాదానికి నాలుగు గోళ్ళు ఉంటాయి. గోళ్ళు నొక్కుకుపోయిన అంచు ఏ వైపు ఉందో ఏనుగు ఆ వైపుకు నడిచింది. నడిచేటప్పుడు వెనక పాదం చాలాసార్లు ముందు పాదం గుర్తు మీదనే, లేదా దానికి ఆనుకుని పడుతుంది. అందుచేత కలిసిపోయిన గుర్తులను వదిలి, విడిగా స్పష్టంగా ఉన్న ముందు పాదం గుర్తును వెతకాలి.

అది దొరికాక ఒక పురికొసను గుర్తు అంచు వెంబడి చుట్టూ పరిచి, ఆ పురికొస పొడవును టేపుతో కొలవండి. ముందు పాదం చుట్టుకొలతకు రెండింతలు ఆ ఏనుగు భుజం ఎత్తుకు దాదాపు సమానం. ఉదాహరణకు చుట్టుకొలత 138 సెంటీమీటర్లు వస్తే ఆ ఏనుగు సుమారు 276 సెంటీమీటర్ల ఎత్తు ఉన్నట్టు. ఎదిగిన ఆడ ఏనుగు సాధారణంగా 240 సెంటీమీటర్లు దాటదు కనుక అది పెద్ద మగ ఏనుగు అయి ఉంటుందని చెప్పవచ్చు. వరిమడి బురదలో గుర్తు జారి వెడల్పవుతుంది, ఇసుకలో అంచులు కూలిపోతాయి. గట్టి తడినేల మీద, ఉదాహరణకు చెరువు గట్టు మీద లేదా బండి దారి పక్కన, కనీసం మూడు గుర్తులు కొలిచి సగటు తీసుకోండి. ఇలా నాలుగైదు వారాలు కొలతలు రాస్తే, గుంపులో పెద్దవి ఎన్ని, గున్నలు ఉన్నాయా, పక్కన ఒంటరి మగ ఏనుగు తిరుగుతోందా అన్నది ఏనుగును చూడకుండానే తెలిసిపోతుంది.

ఈ తేడా తెలియడం ఎంతో అవసరం. గున్నలున్న గుంపు పెద్ద ఆడ ఏనుగు వెంట నడుస్తుంది, మనుషుల అలికిడికి పక్కకు తప్పుకోవడానికే చూస్తుంది, కాని గున్నకూ తల్లికీ మధ్యలోకి ఎవరైనా వస్తే తిరగబడుతుంది. ఒంటరి మగ ఏనుగు ఊరి మధ్యకు రావడానికి కూడా వెనకాడదు. కణతల నుంచి మదజలం కారుతూ, వెనక కాళ్ళ మీద మూత్రం చారలు కడుతూ ఉంటే అది మదంలో ఉన్నట్టు. అటువంటి దానిని ఎవరైనా చూశామంటే ఆ సమాచారాన్ని సాయంత్రం దాకా ఆపకుండా అప్పటికప్పుడే పంపాలి.

లద్దె చెప్పే సంగతులు అడుగు చెప్పేవాటికంటే ఎక్కువ. ఏనుగు రోజుకు సుమారు 15 సార్లు లద్దె వేస్తుంది కనుక, దాని దారి ఎప్పుడూ గుర్తు లేకుండా ఉండదు. ఉండ మీద జిగురు మెరుపు ఉండి, కర్రతో చీల్చినప్పుడు లోపల వెచ్చగా ఉంటే ఏనుగు ఇంకా దగ్గరలోనే ఉంది, వెంటనే వెనుదిరగండి. పైపొర ఎండి లోపల తడిగా ఉంటే రాత్రి వేసినది. పేడపురుగులు తొలిచి, పీచు విడిపోయి ఉంటే పాతది. వేసవి ఎండకు రెండు మూడు గంటల్లోనే పైపొర ఎండిపోతుంది, ముసురు పట్టిన రోజుల్లో నిన్నటిది కూడా ఇవాళ్టిదిగా కనిపిస్తుంది. కనుక ఎండా వానా లెక్కలోకి తీసుకోకుండా వయసు నిర్ణయించకండి. పెద్ద ఏనుగు ఉండ అడ్డుకొలత సుమారు 15 సెంటీమీటర్లు ఉంటుంది, గున్నలవి అందులో సగమే ఉండవచ్చు. ఇక లోపల ఏముందో చూడండి. ఏనుగు తిన్నదానిలో ఎక్కువ భాగం సరిగా అరగదు: వడ్లు, మొక్కజొన్న గింజలు, పనస పిక్కలు, వెదురు పీచు విడివిడిగా కనిపిస్తాయి. తిన్నది బయటికి రావడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. కొండ మీద దొరికిన లద్దెలో వడ్లుంటే, మొన్నో నిన్నో ఏ పల్లంలోనో మేసి వచ్చిందన్న మాట. ఆ పల్లానికి అది తిరిగి రావడానికి అవకాశం ఎక్కువ. దేశంలో ఏనుగుల సంఖ్య 22,446 అని 2025లో వెలువడిన అంచనాను కూడా లద్దె నుంచి తీసిన డిఎన్‌ఏ ఆధారంగానే వేశారు.

మిగిలిన గుర్తులు క్లుప్తంగా: చెట్టు మొద్దుకు రుద్దుకున్న బురద ఎంత ఎత్తున ఉందో, విరిచిన కొమ్మ నుంచి పాలు ఇంకా కారుతున్నాయో లేదో, వంగిన గడ్డి ఎటు పడుకుని ఉందో, గెడ్డ దాటాక తడి అడుగులు ఎంత దూరం సాగాయో చూడండి.

పుస్తకం, కబురు

ప్రతి పరిశీలనకు పుస్తకంలో ఒక వరస చాలు: తేదీ, సమయం, స్థలం, గుర్తు రకం, కొలత, వయసు అంచనా, దిక్కు, దగ్గరలో ఉన్న పంట, చూసినవారి పేరు. స్థలం రాసేటప్పుడు ఊరి పేరుతో పాటు ఫోన్‌లో చూపించే అక్షాంశ రేఖాంశాలు తప్పక రాయండి. మన ప్రాంతంలో ఒకే కొండను తెలుగువారు ఒక పేరుతో, ఒడియావారు మరో పేరుతో, సవరలు ఇంకో పేరుతో పిలుస్తారు. రాత్రివేళ ఫోన్‌లో విన్న పేరు పట్టుకుని గార్డు మరో కొండకు పోతే ఆ ఆలస్యం ఎవరి ప్రాణం మీదికి వస్తుందో చెప్పలేం. అంకెల్లో ఆ చిక్కు లేదు.

కబురు పంపడంలో రెండు దారులు వేరుగా ఉంచాలి. అక్షాంశాలతో కూడిన ఖచ్చితమైన సమాచారం ఫారెస్ట్ గార్డుకు, అటవీశాఖ రేంజ్ కార్యాలయానికి, సరిహద్దు అవతల పల్లెలోని మీవంటి వారికి మాత్రమే వెళ్ళాలి. ఊరి వాట్సాప్ గ్రూపుకు వెళ్ళే సందేశంలో ఏనుగు ఉన్న చోటు కాదు, మనుషులు వెళ్ళకూడని చోటు ఉండాలి: "గెడ్డ అవతలి జీడితోటలకు, చెరువు దారికి సాయంత్రం ఐదు నుంచి ఉదయం ఏడు వరకు ఎవరూ వెళ్ళవద్దు" అన్నట్టుగా. ఏనుగు ఫలానా దిబ్బలో ఉందని రాసిన గంటలోపు మోటారు సైకిళ్ళ మీద జనం అక్కడికి చేరుతున్నారు. అరుపులకు, రాళ్ళకు బెదిరిన గుంపు చెల్లాచెదురై, ఆ రాత్రి ఎవరూ ఊహించని ఊరిలో దిగుతుంది. ఫోన్ లేని ఇళ్ళ కోసం డప్పు వేయించండి. ఒంటరిగా పొలంలో పడుకునే ముసలివారికి ఎవరో ఒకరు స్వయంగా వెళ్ళి చెప్పాలి.

ఇటువంటి ముందస్తు కబురు ఫలితం ఇస్తుందనడానికి తమిళనాడులోని వాల్పరై సాక్ష్యం. అక్కడి తేయాకు తోటల్లో నేచర్ కన్జర్వేషన్ ఫౌండేషన్ అనే సంస్థ 2011 నుంచి ఎస్సెమ్మెస్‌ల ద్వారా, మొబైల్‌తో వెలిగే ఎర్ర దీపాల ద్వారా ఏనుగుల ఉనికి తెలియజేస్తూ వచ్చింది. మనుషుల మరణాలు తగ్గాయి. కబురు అందని చోట ఏమవుతుందో కూడా చూశాం. 2024 ఏప్రిల్ మొదటి వారంలో మహారాష్ట్ర నుంచి ప్రాణహిత నది దాటి తెలంగాణలోని ఆసిఫాబాద్ జిల్లాలోకి వచ్చిన ఒక ఏనుగు దాడిలో ఇద్దరు రైతులు మరణించారు. ఏనుగు అలవాటే లేని పల్లెలవి. మన వైపు వంశధార దాటే ప్రతి గుంపు విషయంలోనూ అవతలి పల్లెకు ఆ గంటలోనే ఫోన్ వెళ్ళాలని నేను పట్టుబట్టేది ఇందుకే. వరి పాలు పోసుకునే దశ నుంచి కళ్ళం నూర్పులు ముగిసే దాకా ఈ ఏర్పాటులో ఒక్క రోజు కూడా విరామం ఇవ్వకండి. పనస, జీడి పండే వేసవిలో తోటల దారులు, నీళ్ళు మిగిలిన చెరువులు చూసుకోవాలి.

జాడ తీస్తున్నప్పుడు తలెత్తి తీగలను కూడా చూడండి. 2023 మే నెలలో భామిని మండలం కాట్రగడ దగ్గర నాలుగు ఏనుగులు విద్యుదాఘాతంతో చనిపోయాయి. ఏనుగు దారి మీద వేలాడుతున్న తీగ, ఒరిగిన స్తంభం, కంచె లేని ట్రాన్స్‌ఫార్మర్ కనిపిస్తే ఫోటో తీసి, అక్షాంశాలతో సహా విద్యుత్ సెక్షన్ కార్యాలయానికి, రేంజర్‌కు రాతపూర్వకంగా ఇవ్వండి. అడవి పందుల కోసం కంచెకు కరెంటు పెట్టే రైతు ఉంటే, ఆ తీగ రేపు అతని పిల్లలనే బలిగొనవచ్చని కూర్చోబెట్టి చెప్పి తీయించండి. నౌపడ-గుణుపురం రైలు మార్గం దగ్గరకు గుంపు చేరితే దగ్గరి స్టేషన్ మాస్టరుకు ఆ క్షణమే తెలియజేయాలి. నిప్పు ముద్దలు, ఇనుప మేకులతో తరమడాన్ని 2018లోనే సుప్రీంకోర్టు తప్పుపట్టింది. కాలిన ఏనుగు మనిషిని చూడగానే పారిపోవడం మాని మీద పడుతుంది.

కెమెరా ఉచ్చులు (జంతువు ఎదురుగా రాగానే వాటంతట అవే ఫోటో తీసేవి), ఏనుగు మెడకు కట్టే ఉపగ్రహ కాలర్లు, డ్రోన్లు అటవీశాఖ చేతిలోని పనులు. మీరు చేయగల సాయం ఏమిటంటే, మీ పుస్తకం చూపించి కెమెరా ఏ దారిలో పెట్టాలో చెప్పడం. కాలర్ వేసిన ఏనుగు ఒక్కటే తన చోటు తెలుపుతుంది. దాని గుంపు నుంచి విడిపోయిన వాటి సంగతి కాలినడకన తిరిగేవారే చెప్పాలి.

పంట నష్టం జరిగిన ఉదయం, మిగిలిన పైరును కోయకముందే అడుగు గుర్తు పక్కన టేపు పెట్టి ఫోటోలు తీయండి. పరిహారం దరఖాస్తుకు అవి పనికివస్తాయి, మీ పుస్తకంలోని ఆ రోజు వరస వాటికి తోడవుతుంది. పంటకాలం ముగిశాక ఏడాది గుర్తులన్నిటినీ ఊరి పటం మీద చుక్కలుగా పెట్టండి. ఏనుగులు ఏటా నడిచే రెండు మూడు దారులు వాటంతట అవే పైకి తేలుతాయి. ఆ పటం ప్రతులు గ్రామ పంచాయతీకి, రేంజ్ కార్యాలయానికి, అవతలి రాష్ట్రంలోని పొరుగు పంచాయతీకి ఇచ్చి, ఆ దారుల్లో కొత్త ఇటుక బట్టీకి గాని, లోతు కందకానికి గాని, కంచెకు గాని అనుమతి ఇచ్చేముందు దాన్ని చూడాలని గ్రామసభలో తీర్మానం రాయించండి.