నెల సరుకుల చీటీ మన కొట్టుకే రావాలంటే

కాలనీలో కిరాణా కొట్టు నడిపేవాళ్లు చాలామంది ఈమధ్య రోజూ చూసుకుంటున్న లెక్కలు కొన్ని ఉన్నాయి: వాట్సాప్ స్టేటస్ ఎంతమంది చూశారు, ఇన్‌స్టా రీల్‌కి ఎన్ని లైకులు వచ్చాయి, గూగుల్‌లో ఎన్ని స్టార్లు పడ్డాయి. పది నిమిషాల్లో సరుకు తెచ్చిచ్చే యాప్‌లు వచ్చాక ఈ కంగారు ఇంకా పెరిగింది. రీల్ చూసిన వెయ్యిమందిలో మన వీధివాళ్లు ఎందరో ఆ అంకె చెప్పదు. కొట్టుని నిలబెట్టేది నెలనెలా చీటీ పంపే ఇళ్లు. కాబట్టి లెక్కపెట్టాల్సింది ఆ ఇళ్లనే.

ముందు ఒక 200 పేజీల లాంగ్ నోట్‌బుక్ తీసుకోండి. ఇంటికి రెండు ఎదురెదురు పేజీలు వదలండి. ఒక పుస్తకంలో వంద ఇళ్ల లోపు పడతాయి, చిన్న కొట్టుకి అది చాలు. ఇది అప్పుల ఖాతా కాదు, దాన్ని వేరేగా ఉంచాలి. ఎడమ పేజీలో ఆ ఇంటి అలవాట్లు, కుడి పేజీలో తేదీ వేసి జరిగిన సంగతులు రాయాలి.

ఎడమ పేజీ మీదే ఎక్కువ శ్రద్ధ పెట్టాలి. చీటీలో ‘పప్పు 2 కిలోలు’ అని ఉంటుంది. ఒకరింట్లో అది కందిపప్పు, ఇంకొకరింట్లో పెసరపప్పు. ‘నూనె’ అంటే ఒకరికి పల్లీ నూనె, ఒకరికి సన్‌ఫ్లవర్. బియ్యం కనీసం ఏడాది పాతవి కావాలా, ఆరు నెలలవైనా సరిపెట్టుకుంటారా? చింతపండు గింజ తీసిందా, తీయనిదా? కారం మన దగ్గర కొంటారా, ఎండుమిర్చి కొని మర పట్టించుకుంటారా? ఇవి తెలిసిన కొట్టుకి చీటీ పంపడం అంటే ఆ ఇంటి మనిషికి పది ప్రశ్నలు తప్పినట్టు. యాప్‌లో ప్రతిసారీ వెతుక్కోవాల్సిన పని ఇక్కడ రెండు ముక్కల్లో అయిపోతుంది. మనం అమ్ముకోగలిగిన అసలు సౌకర్యం ఇదే.

దానికింద సరుకు ఎవరు తీసుకుంటారు, ఏ వేళకి ఇంట్లో ఉంటారు, కాలింగ్ బెల్ కొట్టాలా ఫోన్ చెయ్యాలా (పసిపిల్లలున్న ఇంట్లో మధ్యాహ్నం బెల్ మోగితే ఎంత ఇబ్బందో ఆలోచించండి), లిఫ్ట్ ఉందా అన్నవి రాయండి. జబ్బులు, ఇంటి గొడవలు, జీతాలు మాత్రం రాయకండి. అవి మన చెవిన పడతాయి, అక్కడే ఆగిపోవాలి.

తర్వాతివి పండగల అవసరాలు. ఒక్కో ఇంటికి ఏ నెలలో ఏం కావాలో ఒక ఏడాది గమనించి రాసుకుంటే తర్వాతి ఏడాది స్టాకు అంచనా కూడా దానంతటదే వస్తుంది. సంక్రాంతికి ఒకరు అరిసెలు చేస్తారు, వాళ్లకి పాకం బెల్లం కావాలి. సకినాలు చుట్టే ఇంటికి నువ్వులు, వాము కావాలి. ఏప్రిల్ చివర నుంచి ఆవకాయల హడావుడి: ఆవాలు, మెంతులు, కల్లుప్పు, నువ్వుల నూనె. ఆవకాయలో వెల్లుల్లి వెయ్యని ఇళ్లు కొన్ని ఉంటాయి, వాళ్లకి ‘వెల్లుల్లి ఎంత పంపమంటారు’ అని అడిగితే మనకి వాళ్లు గుర్తులేరనే అర్థం. శ్రావణ మాసంలో వాయనాల శనగలు, బతుకమ్మకి నువ్వులు, పల్లీలు, బెల్లం, అయ్యప్ప మాల వేసిన ఇంటికి ఆవు నెయ్యి, కర్పూరం, రంజాన్‌కి సేమ్యా, ఖర్జూరం, క్రిస్మస్ కేకుకి మైదా, ఎండుద్రాక్ష. పండగకి పది రోజుల ముందు ఆ ఇంటికి మాత్రమే, ఆ సరుకు గురించి మాత్రమే ఒక మాట: ‘అక్కా, కొత్త ఆవాలు వచ్చాయి. పోయినేడు కిలో తీసుకున్నారు, ఈసారీ అంతేనా?’ ఇదే మాట అందరికీ ఒకే మెసేజ్‌గా పంపితే అది ప్రకటన అయిపోతుంది.

నెల లెక్క ఇలా చూడండి. జీతాలు వచ్చే ఒకటో తారీకు నుంచి ఏడులోపు ఎక్కువ చీటీలు వస్తాయి. పదో తారీకు రాత్రి పుస్తకం తిరగేసి మూడు అంకెలు రాసుకోండి: రావాల్సిన ఇళ్లెన్ని, వచ్చినవెన్ని, రానివెన్ని. రాని ఇళ్ల పేర్లు విడిగా రాయండి. కొందరు ఊరెళ్లి ఉంటారు, డెలివరీ కుర్రాడికి ఆ సంగతి తెలిసే ఉంటుంది. మిగిలినవాళ్లకి మీరే స్వయంగా ఒక్కసారి ఫోన్ చెయ్యండి: ‘అమ్మా, ఈ నెల చీటీ రాలేదు. అంతా బాగేనా? మా సరుకులో ఏదైనా తేడా వచ్చిందా?’ అంతే. ఆఫర్లు చెప్పొద్దు, రెండోసారి చెయ్యొద్దు. యాప్‌లో తెప్పించుకుంటున్నామంటే యాప్‌ని తిట్టకుండా ఏ సరుకు కోసమో అడిగి పుస్తకంలో రాసుకోండి. చాలాసార్లు కారణం చిన్నదే ఉంటుంది. ఒక వస్తువు ధరో, సాయంత్రం ఏడింటికి పంపిస్తామని తొమ్మిదింటికి పంపడమో, కౌంటర్ దగ్గర ఎవరో విసుక్కోవడమో. కారణం తెలిస్తే సరిచెయ్యొచ్చు. ధర తగ్గించలేకపోతే ఆ మాటే చెప్పండి, దాపరికం వద్దు.

సరుకు చెడిందని ఎవరైనా తెచ్చిన రోజు మన నడత బయటపడుతుంది. వానాకాలంలో కందిపప్పుకి పురుగు పడుతుంది, గోధుమపిండి ముక్క వాసన వస్తుంది. బిల్లు అడగకండి, ‘మీరు డబ్బా మూత సరిగ్గా పెట్టలేదేమో’ అనకండి. అదే రోజు కొత్తది ఇవ్వండి. చాలా కొట్లు ఇక్కడితో ఆగిపోతాయి. ఆగకూడదు. ఆ పప్పు వచ్చిన బస్తాని కింద పరిచిన గుడ్డ మీద గుమ్మరించి చూడండి. పురుగు కనిపిస్తే, అదే బస్తాలోంచి తీసుకెళ్లిన మిగతా ఇళ్లకి వాళ్లు చెప్పకముందే ఫోన్ చేసి వెనక్కి తెప్పించండి. ఇది కుదరాలంటే బస్తా కుట్టు విప్పిన రోజే దానిమీద మార్కర్‌తో తేదీ వెయ్యాలి, కుడి పేజీలో ఆ తేదీ పడాలి. పోయేది కొన్ని కిలోల పప్పు. కొన్నవాళ్లకి తెలియని తప్పుని కొట్టువాడే ఫోన్ చేసి చెప్పాడన్న మాట ఆ అపార్ట్‌మెంట్ అంతా తిరుగుతుంది.

తూకం సంగతీ ఇందులోదే. కాటా తెర కొనేవాళ్లవైపు తిప్పి ఉండాలి. డబ్బాలో పోసి తూస్తే డబ్బా బరువు సున్నా చేశాకే పొయ్యాలి, అదీ వాళ్లు చూస్తుండగా. తూనికలు కొలతల శాఖ ముద్ర గడువు దాటకుండా చూసుకోండి.

అప్పు దగ్గర అనుబంధాలు ఎక్కువగా తెగుతాయి, మొహమాటం వల్లే తెగుతాయి. మొదటి రోజే హద్దు చెప్పాలి: ఒక నెల సరుకుల విలువ మించకూడదు, ఫలానా తారీకుకి తీరాలి. రెండు చిన్న పుస్తకాలు పెట్టి, ఒకటి వాళ్ల దగ్గర, ఒకటి మన దగ్గర ఉంచాలి. సరుకు కౌంటర్ దాటకముందే రెండింట్లో రాయాలి. బాకీ హద్దు దాటాక మనిషి మన కొట్టు ముందు నుంచి వెళ్లడానికి సిగ్గుపడి పక్క వీధిలోంచి తిరిగి వెళ్తాడు. అప్పుడు డబ్బూ ఆగుతుంది, ఇల్లూ పోతుంది. అంతదాకా రానివ్వకండి. ఒక గడువు తప్పగానే, ఎవరూ లేనప్పుడు, నెమ్మదిగా: ‘బాబాయ్, పాతది మూడు నెలల్లో కొంచెం కొంచెంగా ఇవ్వండి. కొత్త సరుకు మటుకు నగదుకి తీసుకెళ్లండి.’ డెలివరీ కుర్రాడిచేత బాకీ అడిగించకూడదు, పక్కన ఇంకొకరుండగా ఆ మాటే ఎత్తకూడదు. చావు జరిగిన ఇంటికి పెద్దకర్మ అయ్యేదాకా బాకీ ఊసే వద్దు. ఆ రోజుల్లో కావాల్సిన సరుకుల గురించి కూడా పోయినవారి భార్యనో భర్తనో కదిలించకుండా, పనులు చూస్తున్న బంధువుతో మాట్లాడాలి.

ఫోన్ వద్దని కాదు. చీటీ ఫొటో రావడానికి వాట్సాప్ కంటే సులువైనది లేదు. ఫొటో రాగానే ప్యాక్ చెయ్యడం మొదలుపెట్టకుండా, లేనివి ఏవో ముందు చెప్పండి. అడగకుండా వేరే బ్రాండ్ పెట్టడం వల్ల వచ్చే చిరాకు సరుకు లేదని చెబితే రాదు. కస్టమర్లందరినీ ఒకే గ్రూపులో వెయ్యకండి. ఒకరి నంబరు అందరికీ తెలిసిపోతుంది, ఆడవాళ్లకి అది నిజంగా ఇబ్బంది. బ్రాడ్‌కాస్ట్ జాబితా (ఒకే మెసేజ్ అందరికీ విడివిడిగా వెళ్లే వాట్సాప్ ఏర్పాటు) ఒకదానిలో 256 మందిదాకా పడతారు, కానీ మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే మెసేజ్ చేరుతుంది. అందుకని నంబరు సేవ్ చేసుకోమని కౌంటర్ దగ్గరే అడగండి. గూగుల్ రివ్యూ రాసినందుకు డిస్కౌంట్ ఇవ్వడం గూగుల్ నిబంధనలకి విరుద్ధం, చెయ్యొద్దు.

డెలివరీ కుర్రాడు మారితే మొదటిసారి మీరో, పాత కుర్రాడో వెంట వెళ్లి పేరు చెప్పి పరిచయం చెయ్యండి. ఒక వీధికి ఒకే మనిషిని ఉంచితే ఎడమ పేజీలో సగం సమాచారం అతనే తెస్తాడు. ఆ పేజీ అతనికీ చదివి వినిపించండి.

పిలుపు విషయంలో అందరికీ ‘ఆంటీ’ పనికిరాదు. నలభై దాటని ఆవిడకి అది గుచ్చుకుంటుంది. ‘మేడమ్’, ‘అమ్మా’, ‘అక్కా’ల్లో వాళ్లు ఏది ఇష్టపడతారో రెండు మాటల్లోనే తెలుస్తుంది. ఒక్కరే ఉంటున్న కుర్రాళ్లు కొందరికి కబుర్లు అక్కర్లేదు, పని త్వరగా అయితే చాలు. వాళ్లని పలకరించి వదిలెయ్యండి. ఎవరేం కొన్నారో ఇంకొకరి ముందు ఎత్తకండి. ‘ఏంటక్కా, ఈమధ్య చక్కెర మానేశారు?’ అన్న ప్రశ్న ప్రేమగా అడిగినా సరే, క్యూలో నలుగురుండగా అడిగితే ఆవిడ వచ్చే నెల చీటీ పంపదు.